బడి విడిచిన బాలికకు ఆటస్థల మెక్కడ?

మన పాఠశాలా వార్షిక క్రీడోత్సవములు ఈ సంవత్సరమును యథావిధిగా జరిగినవి. బహుమతుల పట్టిక ఈ సంచికలోనే వేఱొక చోట అచ్చుపడుచున్నది గావున దానిని గూర్చి మేమిచట వ్రాయబోము. బాలికల హ్యాండుబాలు పోటీలో పదవ తరగతివారు తొమ్మిదవ తరగతివారిని గెలిచిరి. గెలిచిన జట్టులోని యేడుగురు బాలికలును త్వరలోనే పరీక్షలు వ్రాసి మనలను విడిచి వెడలిపోవుదురు. అటుపిమ్మట వారిలో నొక్కరైనను మఱల బంతి చేతబట్టుదురా యను సందేహము బహుమతులు పంచుచున్న సమయముననే మాకు కలిగినది. ఈ వ్యాసమునకు అదియే కారణము. దీనిలో మా తప్పును గూడ మేము చెప్పుకొనవలసియున్నది.

గత ఆగష్టు మాసమున నొకనాటి సాయంకాలము, పిల్లలందఱు ఇండ్లకు పోయిన పిమ్మట, మేము వ్రాతపుస్తకములు దిద్దుకొనుచు కూర్చుండగా ఐదుగురు యువతులు వరండాలో వచ్చి నిలిచిరి. ఐదుగురును మన పూర్వవిద్యార్థినులే. ఒకతె బట్టల దుకాణమున లెక్కలు వ్రాయుచున్నది. ఇద్దఱు శ్రీకాకుళమున చదువుచున్నారు. ఒకతె ఇంటిపట్టున నున్నది. ఐదవయామెకు వివాహమై ఏడాది యైనది. అత్తగారి యనుమతి పొందియే వచ్చితినని ముందుగనే చెప్పినది. వారిలో పెద్దది మాతో నిట్లనెను: "మాస్టారూ, వారమునకు రెండు రోజులు సాయంత్రము ఒక గంటసేపు మైదానము తలుపు తీయించెదరా? బంతి మేమే కొనుక్కున్నాము." అని చేతిసంచి విప్పి క్రొత్త బంతిని చూపినది.

మేమేమంటిమి? "పెద్దలతో మాటాడి చెప్పెదమమ్మా" అంటిమి. మైదానపు తాళపుచెవి అప్పుడు మా కుర్చీ వెనుక గోడకు మేకున వ్రేలాడుచుండెను. మేము పెద్దలతో మాటాడలేదు. మఱచితిమని చెప్పుటకును వీలులేదు, జ్ఞాపకమున్నది. మాటాడినచో బాధ్యత మా నెత్తిన పడునని యెంచి ఊరకుంటిమి. సెప్టెంబరులో వారు మఱియొకమాఱు వచ్చిరి. పిదప రాలేదు.

హ్యాండుబాలు ఆట పుట్టుపూర్వోత్తరములు చదువరులలో చాలమందికి తెలియవు. డెన్మార్కుదేశమున హోల్గెర్ నీల్సెను అను ఉపాధ్యాయుడు తన బడిపిల్లల నిమిత్తము ఇట్టి యాటకు నియమములు వ్రాసి 1906లో ప్రకటించెను. అయితే ఈ పేరుతో దీనికొక రూపమేర్పడినది జర్మనీలోని బెర్లిను నగరమున. మాక్సు హైజరు అనునతడు 1917 అక్టోబరు 29వ తేదీన ఈ యాటకు నియమములను ఏర్పఱచెను. ఎవరి కొఱకనుకొంటిరి? స్త్రీల కొఱకు! మగవారి ఫుట్‌బాలులోని తోపులాట లేకుండ ఆడువారు చేతులతో నాడుకొనదగిన ఆటయొకటి కావలెనని అతని యుద్దేశము. రెండేండ్లు గడచిన పిమ్మట కార్లు షెలెంజు అను మఱియొక బెర్లిను శిక్షకుడు దానిని కొంత మోటుజేసి పురుషులకును తగినట్లు మార్చెను. ఆ మీదట జరిగిన కథ లోకమున మామూలే. పురుషుల హ్యాండుబాలు 1936లో బెర్లిను ఒలింపిక్సులో బయలుమైదానపు ఆటగా ప్రవేశించినది. 1972లో మ్యూనిచ్చి నగరమున శాలలోపలి ఆటగా మఱల చేరినది. ఎవరి కొఱకు పుట్టినదో ఆ స్త్రీలకు మాత్రము 1976లో మాంట్రియలు దాక ఒలింపిక్సు తలుపు తెరవబడలేదు.

ఇక జర్మనీలో ట్యూరింగియా యను సీమ కలదు. లూథరు క్రొత్త నిబంధనను జర్మనుభాషలోనికి మార్చిన వార్ట్‌బర్గు కోట ఆ సీమలోనిదే. అచట బాడ్ లాంగెన్‌సాల్జా అను చిన్న పట్టణమున్నది. జనసంఖ్య సుమారు 17,000. మన ఆమదాలవలస పురపాలక సంఘపు జనసంఖ్య 2011 జనగణనములో సుమారు 40,000. అనగా ఆ యూరు మన యూరిలో సగమునకంటె తక్కువ. ఆ పట్టణపు ఆటశాలలో నాడు స్త్రీల జట్టుయొకటి కలదు. పేరు ట్యూరింగర్ హెచ్.సి. ఈ జట్టు 2011 మొదలు 2016 వఱకు ఎడతెగక ఆరు సంవత్సరములు జర్మనీదేశపు స్త్రీల హ్యాండుబాలు అగ్రస్థానమును నిలుపుకొనినది; 2018లో ఏడవమాఱు పొందినది. 2025లో యూరోపియను లీగను పోటీలో గెలిచి ఐరోపాఖండపు బహుమతిని ఇంటికి తెచ్చుకొనినది. మనయూరిలో సగము లేని యూరు!

ఇది చదివి, ఆ దేశము ధనికమైనది, వారికి చెల్లును, అనువారు కలరు. ధనము కొంత కారణమే, కాదనము. అయినను ధనము కంటె ముందు అచట మఱియొకటి యున్నది. జర్మనులు దానిని ఫెరైన్ అందురు. మన మాటలో సంఘము. ఆటల నిమిత్తము ఊరివారు చేరి, చందాలు వేసికొని, కార్యదర్శిని కోశాధికారిని ఎన్నుకొని, న్యాయస్థానమున నమోదు చేయించుకొను సంఘము. నమోదునకు కనీసము ఏడుగురు సభ్యులు కావలెనని వారి శాసనము. హ్యాండుబాలు జట్టులో ఒకమాఱు మైదానమున నిలుచువారును ఏడుగురే యగుట విశేషము. మన ఆంధ్రప్రదేశ్ సంఘముల నమోదు శాసనమును (2001) ఏడుగురినే కోరుచున్నది. కాబట్టి శాసనము మనకు అడ్డుగా లేదు.

ఇట్టి సంఘములందు ఆడపిల్ల ఆరేడేండ్ల వయస్సున బంతి పట్టుకొనుట నేర్చును. ఆపైన రెండేసి యేండ్లకొక తరగతిగా మెట్లెక్కుచు పోవును. బడి మాఱినను, బడి ముగిసినను, ఉద్యోగములో చేరినను, సంఘము మాఱదు. మంగళవారము సాయంకాలము ఆమె చోటు ఆమెకుండును. అందఱును గొప్ప క్రీడాకారిణులు కారు. ఎక్కువమంది మూడవ జట్టులోనో నాల్గవ జట్టులోనో ఆడి, పెండ్లియై, బిడ్డలను కని, మఱల వచ్చి పిల్లలకు నేర్పుదురు. పై మెట్టుననున్న వృత్తిక్రీడాకారిణులలో సైతము పలువురు ఆటతోపాటు చదువో ఉద్యోగమో సాగించుకొనుచుందురు. స్త్రీల హ్యాండుబాలునకు వచ్చు జీతములు పురుషుల ఫుట్‌బాలు జీతముల వంటివి కావు. లెవర్‌కూజెను పట్టణమున బాయరు మందుల కర్మాగారపు పనివారు 1904లో స్థాపించుకొన్న సంఘమొకటి కలదు. దాని స్త్రీల జట్టు 1965 మొదలు 1987 లోపల పండ్రెండుమాఱులు దేశమున ప్రథమస్థానము పొందినది. కార్ఖానా పనివారు తమ విశ్రాంతి కొఱకు పెట్టుకొన్న సంఘమునుండి అరువదియేండ్ల తరువాత ఆడువారి విజయము పుట్టినదన్న మాట! మన యూరి చక్కెర కర్మాగారము నడచిన దినములలో అట్టిదొకటి పుట్టియున్న బాగుండెడిది గదా యని మాకు తోచుచుండును. అది మూతపడినది, ఆ మాట యిక నేల.

జర్మనులను గూర్చి అతిగా పొగడుట మా యభిమతము కాదు. సంఘమున్నను, ఒకరిద్దరు ధనదాతల మీదనే ఆధారపడి పైజట్టు కట్టినచోట ఏమి జరుగునో చూపుటకు వారియందే నిదర్శనములు కలవు. లైప్‌జిగు నగరపు ప్రఖ్యాత స్త్రీల జట్టు 2017లో ఋణభారముచే పైలీగులో నాడుటకు అనుమతి కోల్పోయినది. లూడ్విగ్స్‌బర్గు జట్టు 2025లో దేశమున ప్రథమస్థానము గెలిచిన కొన్ని వారములకే దివాలా దరఖాస్తు పెట్టుకొనినది; పతకములు మెడనుండగనే క్రీడాకారిణులు తలకొక దారి పట్టిరి. అందులకే మేము వృత్తిజట్టును గూర్చి కలలు కనుట లేదు. మేము కోరునది క్రింది మెట్టు. అది యున్నచో పైది ఎన్నడైన రావచ్చును, రాకపోవచ్చును.

ఇప్పుడు మన యూరికి వత్తము. స్త్రీబలమును గూర్చి ఆమదాలవలసకు ఎవరును పాఠము చెప్పనక్కఱలేదు. కరణం మల్లీశ్వరి ఈ ఊసవానిపేట బిడ్డ. తండ్రి రైల్వే రక్షకదళమున చిన్న యుద్యోగి. అక్కచెల్లెండ్రు బరువు లెత్తినవారే. పండ్రెండవ యేట నీలంశెట్టి అప్పన్నగారి శిక్షణలో ఆమె ఇనుపకడ్డీ పట్టినది. 1994లోను 1995లోను 54 కిలోల తరగతిలో ప్రపంచవిజేత యైనది. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ నగరమున 69 కిలోల తరగతిలో ఒక విధమున 110, మఱియొక విధమున 130, వెరసి 240 కిలోలెత్తి కంచుపతకము గెలిచినది. భారతదేశపు స్త్రీ యొకతె ఒలింపిక్సు పతకము పొందుట అదియే మొదలు. ప్రథమురాలికి ఆమెకు నడుమనున్న తేడా రెండున్నర కిలోలు మాత్రమే. పురుషులు 1896 మొదలు ఒలింపిక్సులో బరువులెత్తుచుండగా స్త్రీలకు ఆ యవకాశము కలిగినది ఆ సంవత్సరముననే.

ఆనాడు మేము కాలేజీ విద్యార్థులము. ఆ సాయంకాలము స్నేహితులతో గూడి వీధివెంట కేకలు వేయుచు తిరిగితిమి. మా గొంతు రెండు దినములు పలుకలేదు. ఆ సంతోషమున కొఱత లేదు. కాని తరువాత ట్రెయినింగు కాలేజీలో చేరి, ఆటలను గూర్చి వారమునకొక గంట వినునపుడు, ఒక ప్రశ్న మా మనస్సున నాటుకొనినది: ఆమె వెళ్లిన దారిలో రెండవ యామె ఎందులకు నడువలేదు? 1990లో ఆమె జాతీయ శిక్షణశిబిరమునకు పోయినది. అటుపిమ్మట ఆమె పెరుగుదలయంతయు మన కంటికి దూరముననే జరిగినది. వివాహమై హర్యానారాష్ట్రపు యమునానగరమున కాపురముండినది. బాలబాలికలకు బరువులెత్తుట నేర్పు శిక్షణాలయమును అచటనే నెలకొల్పినది. 2021లో ఢిల్లీ క్రీడావిశ్వవిద్యాలయమునకు మొదటి ఉపకులపతిగ నియమింపబడినది. ఆమె యెచట నున్నను మనకు గర్వకారణమే. మనము ఆమెను పొగడుటకు కూడలిలో గుమిగూడితిమి గాని, ఆమె వెనుక వచ్చు బాలిక నిలుచుటకు పదిగజముల చోటు కేటాయించితిమా?

ప్రతిభ యున్నవారు తమ దారి తామే చేసికొందురని మా సహోపాధ్యాయులొకరు తఱచు వాదింతురు. మల్లీశ్వరినే సాక్ష్యముగ చూపుదురు. ఆమె యెవరి సంఘము చేయూతతోను పైకి రాలేదు గదా యందురు. మేమట్లనుకొనము. ఆమెకు తల్లి ప్రోత్సాహము, తోబుట్టువుల తోడు, నిలుకడగ నేర్పు గురువు, బరువులుంచిన చిన్న శాల యుండెను. ఇంటిలోనే ఒక సంఘము కుదిరినదన్న మాట. అట్లు కుదరని యిండ్లలోని బాలికల పేర్లు ఏ పత్రికలోను పడవు గావున వారు లేనట్లే మనము లెక్కించుచున్నాము.

విజయనగరముజిల్లా నెల్లిమర్ల చెంతనున్న కొండవెలగాడ గ్రామమును చూడుడు. అది పల్లె. అచట పెద్దవారు చిన్నవారికి బరువులెత్తుట నేర్పుట యొక అలవాటుగా నిలిచిపోయినది. బాలురతోపాటు బాలికలును నేర్తురు. ఆ గ్రామపు మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్తు క్రీడలలో 53 కిలోల తరగతిలో పతకము గెలిచినది. మొదట కంచు దక్కగా, ప్రథమురాలు మందు వాడినట్లు తేలి తొలగింపబడుటచే అది రజతమైనది. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తినాయుడుగారి కాలమునుండి బలమన్నచో మన ప్రాంతమువారికి మక్కువయే. శ్రీకాకుళపు క్రీడాస్థలమునకు ఆయన పేరే పెట్టుకొంటిమి. అయితే కొండవెలగాడలో నొకరి తరువాత నొకరు వచ్చుచుండుటకు కారణము మక్కువ మాత్రమే కాదు. పదునాఱేండ్లు నిండగనే అచట ఎవ్వరును తలుపు మూయరు.

మన పాఠశాలలో ఆ తలుపు మేమే మూయుచున్నాము. అది మన మిషను పాఠశాలల దోషము మాత్రమే కాదు. ప్రభుత్వ పాఠశాలలలోను ఇంతే. బాలురకు బడి విడిచిన పిమ్మట ఏటియొడ్డు కలదు, కోతకోసిన పొలము కలదు, రైల్వే స్థలము కలదు. క్రికెట్టు ఆడుటకు వారినెవ్వరు అనుమతి పత్రమడుగరు. బాలికకు గోడయు గేటును గల స్థలమే ఆటస్థలము. గోడ లేనిచోట ఆమెను ఆడనీయరు, గోడ యున్నచోట తాళముండును. పూర్వము మదరాసులో 1920లో హ్యారీ క్రో బక్కుదొర వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యాలయము స్థాపించినది మొదలు మన మిషను బడులకు వాలీబాలు, బాస్కెటుబాలు వచ్చినవి, మంచి డ్రిల్లు మాస్టర్లు వచ్చిరి. ఆ సంప్రదాయమును గూర్చి ఉపన్యాసములలో మనము గొప్పగా చెప్పుకొందుము. ఆ గొప్ప సాయంకాలము నాలుగున్నర గంటలకు గేటువద్ద ఆగిపోవుచున్నది.

హ్యాండుబాలునకు ఖర్చు మిక్కిలి తక్కువ. నిండు కొలత ప్రకారము 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గల సమతలము. 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల యెత్తు గల గోలుస్తంభములు రెండు. గోలుముందు ఆరుమీటర్ల గీత. ఈ మూడును మన మైదానమున ఇప్పటికే యున్నవి. స్తంభములు వెదురువి యైనను నిలిచియున్నవి. ఇది మన దేశపు బాలికలకు అచ్చిరాని యాటయును గాదు. 2022 మార్చిలో కజకస్తాను దేశపు ఆల్మాటీ నగరమున జరిగిన ఆసియా జూనియరు స్త్రీల పోటీలలో మన భారతబాలికలు ప్రథమస్థానము గెలిచిరి. ఆ వార్తను ఆనాడు తరగతిలో చదివి వినిపించితిమి. వెనుక బల్లనుండి ఒక పిల్ల, "మేము పోవచ్చునా, మాస్టారూ?" అని యడిగినది. ఆ పిల్లయే గత ఆగష్టులో సంచి విప్పి బంతి చూపినది.

మా సూచనలోని యేర్పాట్లు ఇవి. వారమునకు రెండు సాయంకాలములు, మంగళ శుక్రవారములందు, ఐదు మొదలు ఆఱున్నర గంటల వఱకు మైదానము పూర్వవిద్యార్థినులకు విడువబడవలెను. గేటువద్ద అధ్యాపికలలో నొకరు వంతులవారిగ కూర్చుండవలెను. ఆ శ్రమకు కొంత పారితోషికము సభ్యుల చందానుండియే ఈయవచ్చును. మగవారైన మాబోటి వారము గుమస్తాపని చూచుకొందుము. తల్లులు, అత్తలు వచ్చి వరండాలో కూర్చుండవచ్చును. వారు చూచుచుండినచో సగము అభ్యంతరములు తామే తొలగును. పై తరగతుల బాలికలు, అనగా ఎనిమిది మొదలు పది వఱకు గలవారు, వారితో గలిసి ఆడుటకు వీలుండవలెను. ఇది ముఖ్యము. బడిలోనుండగనే బయటి జట్టుతో పరిచయమైన పిల్ల పరీక్ష వ్రాసిన మఱునాడు గూడ రాగలదు. లేనిచో ఒక్కయేడు ఎడమైనను చాలు, మఱల రాదు.

చీకటిపడునని భయపడువారున్నారు. ఆ భయము కారణము లేనిది కాదు. మాకును కూతురు కలదు. శీతకాలమున ఐదున్నరకే ప్రొద్దు క్రుంకును గనుక ఆ మూడు మాసములు శని ఆదివారముల ఉదయములకు మార్చుకొనవచ్చును. దీపములు పెట్టించుడని ఎవరినో యాచించి, అవి వచ్చువఱకు అన్నియు నిలిపివేయుట మాత్రము మాకు సమ్మతము కాదు. నిలిపివేసిన పనులకు మన యూర కొదువ లేదు. దుస్తులను గూర్చి మాటాడువారును కొందఱున్నారు. పంజాబీ దుస్తులతో ఆడినచో బంతి యేమియు అనుకొనదు, గోలునకు వెళ్లు దారి మఱచిపోదు. ఆ సంగతి ఆడువారికే విడిచిపెట్టుదము.

మఱి పాఠశాలకేమి లాభమని అడుగువారికి మా సమాధానమిది: లాభము కొంచెమే. కొన్ని కప్పులు రావచ్చును. కాని ఇరువదియేండ్లుగా బాలికలకు ఆరోగ్యపాఠము చెప్పుచున్న మేము, దేహమును బలముగ నుంచుకొనుడని నల్లబల్లపై వ్రాయుచున్న మేము, వారు అక్షరాల ఆ పనికే వచ్చి గేటువద్ద నిలిచినపుడు పెద్దలతో మాటాడి చెప్పెదమంటిమి. ఆ పాఠమును ఇంక ఏ ముఖముతో చెప్పుదుము?

పాఠశాలా పాలకవర్గము వారి రాబోవు సమావేశమున ఈ ప్రస్తావనను మేమే తెచ్చుచున్నాము. విన్నపపత్రము వ్రాసి హెడ్మాస్టరుగారి చేతికిచ్చితిమి. ఆ ఐదుగురికిని కబురుపెట్టితిమి. బట్టల దుకాణమున నున్న యామె మాత్రము, తాను పనివేళలు మార్పించుకొనవలెను గనుక నిశ్చయముగ చెప్పినగాని రాలేనని కబురంపినది; అది న్యాయమే. సంఘమునకు ఏడుగురు కావలెను. ఇంక ఇద్దఱు తక్కువ. ఈ సంచిక చదువు పూర్వవిద్యార్థినులలో ఎవరికైనను ఇష్టమున్నచో, ఏ బ్యాచివారైనను సరియే, బిడ్డలను వెంటబెట్టుకొని వచ్చినను సరియే, పేరొక చీటిమీద వ్రాసి గేటువద్ద వాచిమనుచేతి కీయవలెను.